షిల్దాలో దిగనన్న నాన్న

శనివారం లోపు చేయవలసిన పనులు ఇవి.

ఆఫీసు కారు టైర్లకు గాలి పట్టించాలి. గుండె డాక్టరు గారికి ఫోన్ చేసి, నాన్న ఒక పగలంతా కారులో తిరగవచ్చా అని అడగాలి. అలజాని నది వంతెన దగ్గర రోడ్డు పని అయిందో లేదో కనుక్కోవాలి. ఇకాల్తోలో గులికో అత్తకూ, నాపరేవులిలో వాఝాకూ, షిల్దాలో నార్గిజా పిన్నికీ మేం వస్తున్నామని ముందే చెప్పాలి. అమ్మ చేత రొట్టెలు కాల్పించాలి. మధ్యాహ్నం వేసుకోవలసిన మందులు విడిగా కట్టాలి. నాన్న నల్లకోటు ఎండలో వేసి దులపాలి. నాన్నను ఒప్పించాలి.

ఆఖరిది మొదట చేయవలసిన పని అని నాకు తెలుసు. ధైర్యం చాలక చివర రాసుకున్నాను.

నేను తెలావిలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. దూరం నుంచి వచ్చేవాళ్లకు మా ద్రాక్షతోటలు, పల్లెలు చూపించే ఒకరోజు ప్రయాణాలు తయారు చేయడం నా ఉద్యోగం. ఎక్కడ ఆగాలి, ఎవరింట్లో భోజనం, ఎండ ఏ వేళకు ఎటు ఉంటుంది, ఎవరికి ఏది పడదు, అన్నీ ముందుగా చూసుకోవాలి. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్నది నేనొక్కదాన్నే. "చదివీ చదివీ చివరికి మన తోటలే మనుషులకు చూపిస్తోంది" అని అమ్మ పక్కింటివాళ్లతో చెప్పి నవ్వుతుంది. ఆ నవ్వులో ఎగతాళి కంటే సంతోషమే ఎక్కువ ఉంటుంది.

మా నాన్న పేరు ఎల్గుజా. ఆయన తమడా. విందుకు కూర్చున్న అందరి తరఫున గిన్నె ఎత్తి మాట చెప్పే పెద్దను మేం అలా పిలుస్తాం. మా రుయిస్పిరిలోనే కాదు, నదికి అటువైపు ఊళ్లలో కూడా పెళ్లికైనా చావుకైనా బల్ల తలవైపు నాన్నే కూర్చునేవాడు. ఒక్కో మాట చెప్పగానే ముందు తమడా తన గిన్నె ఖాళీ చేయాలి, తర్వాతే మిగతావాళ్లు. తాగకుండా చెప్పిన మాట గాలికి పోతుందంటారు మావాళ్లు.

పోయినేడు ద్రాక్షకోతల్లో నాన్నకు గుండెపోటు వచ్చింది. రాజధానికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు వైన్ ఒక్క గుక్క కూడా వద్దన్నారు. నాన్న తల ఊపాడు. ఆ రోజు నుంచి ఏ విందుకూ వెళ్లలేదు. పిలవడానికి వచ్చినవాళ్లకు అమ్మ చేతే జవాబు చెప్పించేవాడు.

వైన్ ఒక్కటే అయితే సర్దుకునేవాడేమో. నాన్న ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే షిల్దాలో ఆయన ప్రాణస్నేహితుడు జుంబేర్ బాబాయ్ చనిపోయాడు. రాత్రి పడుకుని పొద్దున లేవలేదు. నాన్న గుండెకు భయపడి మేమెవరమూ చెప్పలేదు. ఇంటికి తీసుకొచ్చాక చెప్పాం. అప్పటికి మట్టి వేయడం, భోజనాలు, నలభయ్యో రోజు, అన్నీ అయిపోయాయి. జుంబేర్ బాబాయ్ కోసం తమడాగా ఎవరో కూర్చున్నారు, ఏవో మాటలు చెప్పారు. నాన్న కాదు.

జుంబేర్ బాబాయ్ బానలు కడిగేవాడు. మేం వైన్‌ను మనిషి కంటే ఎత్తైన మట్టిబానల్లో చేస్తాం. వాటిని మెడ దాకా నేలలో పాతిపెడతాం. కోతలకు ముందు సన్నటి మనిషి ఒకడు తాడు కట్టుకుని ఆ మూతిలోంచి లోపలికి దిగి, చెర్రీ బెరడు కట్టతో గోడలు రుద్దాలి. జుంబేర్ బాబాయ్ కట్టెలా ఉండేవాడు. ఆయన ఏ ఊళ్లో దిగినా పైన తాడు పట్టుకుని మా నాన్న ఉండాల్సిందే. ఇంకొకరి చేతికి తాడు ఇస్తే దిగేవాడు కాదు.

ఈ శనివారం ఆయన సంవత్సరీకం. షిల్దాలో విందు. నార్గిజా పిన్ని, అంటే జుంబేర్ బాబాయ్ భార్య, స్వయంగా బస్సెక్కి వచ్చి నాన్నను పిలిచింది. నాన్న ఆమెకు మాత్రం అమ్మ చేత చెప్పించలేదు. తనే చెప్పాడు, రానని.

ఒప్పించే పనికి గురువారం సాయంత్రం పూనుకున్నాను. నాన్న వాకిట్లో ద్రాక్షపందిరి కింద అక్రోటు కాయలు పగలగొడుతున్నాడు.

"నాన్నా, మా ఆఫీసులో కొత్త దారి ఒకటి వేయమన్నారు. ఇకాల్తో, వంతెన దాటి నాపరేవులి, అక్కణ్నుంచి కొండ వారగా షిల్దా. పొద్దున పోతే సాయంత్రానికి తిరిగి రావాలి. ముందు ఒకసారి నడిపి చూడాలి. నువ్వు పక్కన ఉంటే ఏ ఇల్లు బాగుంటుందో చెప్తావు."

అది అబద్ధం కాదు. ఆఫీసులో నిజంగానే అడిగారు. ఆ దారి షిల్దాకే పోవాలని మాత్రం ఎవరూ అనలేదు.

నాన్న సుత్తి ఆపి నా వైపు చూశాడు. "శనివారమా?"

"శనివారమే."

"మంచి తెలివే. దీనికేనా నిన్ను చదివించింది?"

వంటింటి కిటికీలోంచి అమ్మ అందుకుంది. "పోవయ్యా, పో. ఏడాది నుంచి ఆ కుర్చీకి పాతుకుపోయావు. నిన్ను చూసి ఆ ద్రాక్షతీగ కూడా, ఇదేదో కొత్త కొయ్య పాతారని పైకి పాకుతోంది."

"నీ కొడవలి కంటే నీ నాలుకే నయం మజియా, పదును పెట్టక్కర్లేదు" అన్నాడు నాన్న. కానీ లేవలేదు. కాసేపు కాయలు కొట్టాడు. తర్వాత అన్నాడు, "వస్తాను. నీ ఉద్యోగం పని కాబట్టి వస్తాను. ఇకాల్తోలో దిగుతా, నాపరేవులిలో దిగుతా. షిల్దాలో మాత్రం దిగను. నువ్వు లోపలికి పోయి నీ పని చూసుకో, నేను కారులో కూర్చుంటా."

"సరే నాన్నా."

"సరే అంటావు. అక్కడికి పోయాక చెయ్యి పట్టి లాగుతావు."

"లాగను."

మాటిచ్చాను. ఆ రాత్రి నేను చేసిన పని ఇంకొకటి ఉంది. ఆఫీసు అలవాటు చొప్పున మూడిళ్లకూ ఫోన్ చేశాను. అక్రోట్లు పడనివాళ్లూ, మాంసం తిననివాళ్లూ వస్తుంటే ముందే చెప్పి ఉంచుతాం కదా. అదే విధంగా, "నాన్నకు వైన్ పోయకండి, కనబడేలా కూడా పెట్టకండి, బాధపడతాడు" అని చెప్పాను. ముగ్గురూ సరేనన్నారు. అంతా పద్ధతిగా జరిగిందనుకుని నిద్రపోయాను.

శనివారం పొద్దున మంచు విడిపోయి ఎదుటి కొండల మీద కొత్తగా పడిన హిమం మెరుస్తోంది. కోతలు అయిపోయాయి. తోటల్లో ఆకు ఎర్రబడింది. అమ్మ వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి వెనక సీట్లో పెట్టింది. నాన్న నల్లకోటు వేసుకుని వచ్చాడు. షిల్దాలో దిగనన్న మనిషికి నల్లకోటు ఎందుకని నేను అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. ఆమె అడగకపోవడం మాత్రం వింతే.

ఇకాల్తోలో గులికో అత్త నాన్నకు పెదనాన్న కూతురు. ఆమె ఇల్లంటే ఎప్పుడూ జాతరే. కోతల నెలలో ఆ వాకిట్లో కాలు పెట్టడానికి చోటు ఉండదు. ఆ రోజు మేం గేటు తీస్తే చప్పుడు లేదు. బానల కొట్టుకు తాళం. బయట ఉండాల్సిన జాడీలు, గరాటులు, బుట్టలు ఏమయ్యాయో కనబడలేదు. అత్త కొడుకులు ఇద్దరూ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. అత్త వేళ్ల మీద నడుస్తూ ఎదురొచ్చింది.

"వచ్చావా అన్నయ్యా" అంది, గొంతు బాగా తగ్గించి.

నాన్న నాలుగువైపులా చూశాడు. తనూ గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరు పోయారు గులికో?"

"అయ్యో, ఎవరూ పోలేదు."

"మరి ఎందుకు గుసగుసలాడుతున్నావు?"

"నీ ఒంటికి మంచిది కాదేమోనని..."

లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద టీ. టీతోపాటు రేగుపళ్ల మురబ్బా, బిస్కట్లు. కోతల నెలలో, మా సీమలో, గులికో అత్త ఇంట్లో టీ! నాన్న కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. పెద్దకొడుకు దగ్గితే అత్త వాణ్ని కళ్లతోనే కొట్టింది. నాన్న టీ మొత్తం తాగాడు. బాగుందన్నాడు. అత్త మురబ్బా చుట్టిస్తానంటే తీసుకున్నాడు. వచ్చేటప్పుడు కొట్టు తలుపు మీద ఒకసారి అరచెయ్యి ఆన్చి, తీసేశాడు.

కారు కదిలాక అడిగాడు. "ఫోన్ చేశావా?"

"చేశాను."

"వాఝాకు కూడానా?"

"ఆయనకు కూడా."

"షిల్దాకు?"

నేను రోడ్డు వైపే చూస్తూ "చేశాను నాన్నా" అన్నాను.

నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నేను తాగకూడదు. అది నా గోల" అన్నాడు. "నన్ను చూసి ఆ కొట్టుకు తాళం వెయ్యాలా? అందులో చివరన ఉన్న బానకు మట్టి మెత్తింది నేను. దాన్ని చూస్తే చచ్చిపోతానా?"

ఆయనకు ఏది పడదో చెప్పాననుకున్నాను. కానీ నేను చేసింది ఆయన్ను ఇంటింటికీ రోగిగా పరిచయం చేయడం. వంతెన ఎక్కాం. కింద అలజాని సన్నబడి, రాళ్ల మధ్య మూడు పాయలుగా పోతోంది.

నాపరేవులి నల్లద్రాక్ష ఊరు. వాఝా మా నాన్నకు స్నేహితుడు, వయసులో చిన్నవాడు, నోరు పెద్దది. అతని ఇంటి మలుపు ఇంకా తిరగకముందే కారులోకి వాసన వచ్చింది. పులుస్తున్న కొత్త రసం వాసన. వాకిట్లో పిప్పి కుప్పగా పోసి ఉంది. కందిరీగలు ఝుమ్మంటున్నాయి. వాఝా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా ఊదారంగు.

"రా అన్నా, రా! ఏం చెప్పమంటావు, ఈ ఏడు మా ఇంట్లో వైనే లేదు. వడగళ్లు పడ్డాయి. ఒక్క గుత్తి దక్కలేదు. బానలన్నీ ఖాళీ!"

నాన్న అతని చేతుల వైపు చూశాడు. పిప్పికుప్ప వైపు చూశాడు. అతని చొక్కా మీద, మెడ మీద, ఒక చెవి మీద కూడా ఉన్న మరకలు చూశాడు.

"వాఝా" అన్నాడు, "చేతులు కడుక్కుని వచ్చి చెప్పరా అబద్ధం."

వాఝా తన చేతులు చూసుకుని నా వైపు చూశాడు. "ఇదిగో, నీ కూతురే! నేనైతే చెప్పాను, నావల్ల కాదమ్మా, నేను నటుణ్ని కాను అని!"

నాన్న నవ్వాడు. ఏడాదిలో మొదటిసారి. ముందు ముక్కులోంచి, తర్వాత నోటినిండా. నవ్వుతూ కుట్లున్న చోట అరచెయ్యి పెట్టుకున్నాడు. నేను కంగారుగా ముందుకు పోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం కాలేదే. వాడుకలో లేక బిగుసుకుంది."

వాఝా ఇక ఆగలేదు. కొట్టు తలుపులు బార్లా తెరిచాడు. నేలలో బానల మూతులు వరసగా తెరుచుకుని ఉన్నాయి. నాన్న ఒకదాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి వంచాడు. లోపల పిప్పి కింద రసం ఉడుకుతున్నట్టు చిటపటలాడుతోంది.

"దీన్ని పొద్దున కలపలేదు నువ్వు."

"కలిపాను."

"పైపైన కలిపావు. అడుగు దాకా కర్ర పోలేదు. ఊపిరాడక గుర్రుమంటోంది, విను."

వాఝా కర్ర తెచ్చి కలిపాడు. నాన్న చెప్తున్నాడు, అతను తిప్పుతున్నాడు, మధ్యలో ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి, ఈ ప్రయాణం ఫలించినట్టే అనుకున్నాను. అప్పుడు వాఝా చెమట తుడుచుకుంటూ ఊరికే అన్నాడు, "ఈసారి బానలు యంత్రంతో కడిగించామన్నా. గొట్టం లోపలికి పెట్టి నీళ్లు కొట్టారు. శుభ్రంగానే ఉన్నాయి. కానీ ఇంట్లో పాట వినబడలేదు. మా అమ్మ మూడుసార్లు బయటికొచ్చి అడిగింది, జుంబేర్ ఇంకా దిగలేదా అని. మతిమరుపు కదా, ఏం చెప్తాం."

నాన్న మోకాళ్ల మీంచి నెమ్మదిగా లేచాడు. పాంటుకు అంటిన మట్టి దులుపుకున్నాడు. "వెళ్దాం" అన్నాడు నాతో.

కారులో కూర్చున్నాక అన్నాడు, "ఇంటికి పోనివ్వు."

షిల్దా కుడివైపు. ఇల్లు ఎడమవైపు. కూడలిలో కారు ఆపాను. లాగనని మాటిచ్చాను, లాగలేదు. "తీసుకెళ్తాను నాన్నా. కానీ అమ్మ కాల్చిన రొట్టెలు వెనక ఉన్నాయి. సంవత్సరీకానికి పంపిన రొట్టెలు తిరిగి ఇంటికి తీసుకెళ్తే అమ్మ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. అవి ఇచ్చేసి వస్తాను. నువ్వు దిగొద్దు."

నాన్న వెనక్కి తిరిగి రొట్టెల మూట వైపు చూశాడు. "ఇచ్చేసి వెంటనే రావాలి."

"వెంటనే వస్తాను."

షిల్దాలో ఆ ఇంటి గేటు ముందు కార్లు, బళ్లు. వాకిట్లో పందిరి కింద పొడవాటి బల్లలు. మగవాళ్లంతా నల్లబట్టల్లో, తలలు వంచుకుని కూర్చున్నారు. తేనె, ఎండుద్రాక్ష కలిపి ఉడికించిన గోధుమలు గిన్నెల్లో ఉన్నాయి. బల్ల తలవైపు జుంబేర్ బాబాయ్ అన్నకొడుకు జౌర్ నిలబడి చెమటలు కక్కుతున్నాడు. కార్ల మరమ్మతు చేసే మనిషి, చేతికి గిన్నె ఇచ్చి నిలబెట్టారు. నేను రొట్టెలు నార్గిజా పిన్ని చేతికిచ్చాను.

"మీ నాన్నేడీ?"

"కారులో ఉన్నాడు పిన్నీ. దిగడు."

పిన్ని రొట్టెలు పక్కామె చేతిలో పెట్టి, ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ నేరుగా గేటు బయటికి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. కారు అద్దం మీద వేలితో కొట్టింది. నాన్న అద్దం దించాడు.

"ఏం ఎల్గుజా అన్నయ్యా, కారుకు కాపలా కాస్తున్నావా? మా ఊళ్లో దొంగలున్నారని ఎవరు చెప్పారు?"

"నార్గిజా, నన్ను వదిలెయ్యమ్మా. నేను తాగలేను. తాగనివాడు బల్ల దగ్గర నిలబడి ఏం మాట్లాడతాడు?"

"లోపల జౌర్ ఇందాకటి నుంచి మాట్లాడుతున్నాడు, విన్నావా? 'మా బాబాయ్ మంచి మనిషి' అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ 'మంచి మనిషి' అన్నాడు. ఇప్పుడు మూడోసారి అదే చెప్పబోతున్నాడు. మంచి మనిషని పోస్టుమాన్‌ను కూడా అంటారు అన్నయ్యా. నేను పోస్టుమాన్‌తో కాపురం చేయలేదు."

నాన్న గేటు లోపలికి చూశాడు.

పిన్ని గొంతు మారింది. "అప్పుడు కూడా ఇంతే. పూడ్చేనాడు కూడా చెప్పిన ఒక్క ముక్కా ఆయన గురించి చెప్పినట్టు లేదు. ఇంకెవరి గురించో చెప్తున్నట్టుంది. నువ్వు తాగుతావో తాగవో నీ ఇష్టం. నేను మాత్రం ఏడాది నుంచి ఎదురుచూస్తున్నాను, ఒక్కసారి ఆయన గురించి విందామని."

నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు. నాన్న తనే తలుపు తీశాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు.

ఆయన పందిరి కిందికి రాగానే అందరూ లేచారు. జౌర్ అయితే ఏట్లో కొట్టుకుపోతున్నవాడికి కొమ్మ దొరికినట్టు ముఖం పెట్టి, తన చోటు ఖాళీ చేశాడు. నాన్న ఎదుట ఎవరో ఒక గాజుగ్లాసు పెట్టారు. అందులో పసుపురంగు బేరిపండ్ల రసం. నా ఫోన్ ఫలితం. ఆ గ్లాసు వైపు అందరూ చూసి, చూడనట్టు ముఖాలు తిప్పుకున్నారు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

పిన్ని వచ్చి ఆ గ్లాసు తీసేసింది. దాని చోట మట్టిగిన్నె పెట్టి నిండా నల్లటి వైన్ పోసింది. "ఇది ఆయన చేసిందే, ఆఖరిది. చేతిలో పట్టుకో చాలు" అంది.

నాన్న గిన్నె ఎత్తాడు.

"జుంబేర్‌కు ఒక్క పాటే వచ్చు" అన్నాడు. "అదీ సగమే వచ్చు. గొంతా, తుప్పు పట్టిన గేటు."

బల్ల చివర ఎవరో నవ్వి, నవ్వకూడదని నోరు మూసుకున్నారు.

"నవ్వండి. నేను నవ్వేవాణ్ని. బానలో దిగినవాడు పాడాలి, పైనున్నవాడు వినాలి. లోపల గాలి ఎప్పుడు పాడవుతుందో తెలీదు కదా. పాట ఆగిందంటే తాడు లాగెయ్యాలి. ఒకసారి ఆగింది. నేను భయపడి లాగేశాను. గోడలకు గీరుకుంటూ పైకొచ్చాడు, మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. 'ఒరేయ్ గాడిదా, చరణం మర్చిపోయి ఆలోచించుకుంటున్నా' అన్నాడు. 'ఆలోచిస్తే నాకు వినబడదురా, ఏదో ఒకటి అరుస్తూ ఉండు' అన్నాను. అప్పటి నుంచి మాట మర్చిపోయిన చోటల్లా నా పేరు పెట్టి పాడేవాడు. ఆ పాట సగం నా పేరే. ఊరూరా నేల కిందనుంచి నా పేరు వినబడేది."

నార్గిజా పిన్ని వంటింటి గుమ్మంలో ఆప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"నేను మాటలవాణ్నని మీరంటారు. జుంబేర్ దిగినప్పుడు నేను ఒక్క మాట మాట్లాడేవాణ్ని కాదు. వినేవాణ్ని. నా జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ బానల మూతుల దగ్గరే. పోయినేడు అతను మళ్లీ నేలలోకి దిగాడు, బానలోకి కాదు. ఈసారి పైన నేను లేను. నన్ను ఎక్కడో మంచం మీద పడుకోబెట్టి గుండె కుడుతున్నారు. నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల తప్పు లేదు. కానీ జుంబేర్ తాడు నాకు తప్ప ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఎవరికిచ్చి దిగాడో నాకు తెలీదు." ఆయన గిన్నెలోకి చూశాడు. "ఆలస్యంగా వచ్చాన్రా. వచ్చాను. పైనే ఉన్నాను."

రొట్టెముక్క తీసుకుని దాని మీద నాలుగు చుక్కల వైన్ ఒలికించాడు. చనిపోయినవాళ్ల భాగం అది. అందరూ అలాగే చేశారు. ఇక తమడా తాగాలి. ఆయన తాగితేనే మిగతావాళ్లు తాగాలి. నాన్న చేతిలో గిన్నె ఇంకా నిండుగానే ఉంది. బల్లంతా ఆయన చేతి వైపే చూస్తోంది. నేను సగం లేచాను. ఆయన తాగేస్తాడేమోనని నా భయం. తాగకపోతే ఆయన మాట పడిపోతుందేమోనని ఇంకో భయం. రెండింటిలో ఏది పెద్దదో నాకు తెలియలేదు.

నాన్న నా వైపు తిరిగాడు. "అలావెర్ది, నా కూతురు తామ్తాకు" అన్నాడు.

అలావెర్ది అంటే విందులో మాటను చేతులు మార్చడం. తమడా తన మాటను ఒకరికి అప్పగిస్తాడు. అందుకున్నవాళ్లు ఆ మాటనే తమ మాటతో ముందుకు నడిపించి గిన్నె ఖాళీ చేయాలి. సాధారణంగా తమడా తాగి ఇస్తాడు. తాగకుండా, గిన్నెతో సహా ఇవ్వడం నేను చూడలేదు. దాన్ని ఒక ఆడపిల్లకు, సంవత్సరీకం బల్ల దగ్గర ఇవ్వడం అక్కడున్నవాళ్లెవరూ చూసి ఉండరు. ఎవరైనా అడ్డం చెప్తారేమోనని చూశాను. ఒక ముసలాయన గొంతు సవరించుకుని, "తీసుకోవమ్మా, చెయ్యి నొప్పెడుతుంది మీ నాన్నకు" అన్నాడు.

"నాన్నా, నేను కారు నడపాలి" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"రాత్రి ఇక్కడే పడుకుందాం. నీ దారిలో అది రాసుకోలేదా?"

బల్ల చుట్టూ చిన్నగా నవ్వులు. నేను వెళ్లి గిన్నె అందుకున్నాను. మట్టిగిన్నె నాన్న చేతివేడికి వెచ్చగా ఉంది. నేను ఎప్పుడూ పదిమందిలో నిలబడి మాట్లాడలేదు. కాలేజీలో కూడా నా పేరు పిలిస్తే జవాబు వెనక బెంచీ దాకా పోయేది కాదు. నాకు తెలిసింది ఒక్కటే ఉంది, అదే చెప్పాను.

"నాకు చిన్నప్పుడు మాట పైకి వచ్చేది కాదు. బళ్లో అందరూ నన్ను మూగదనేవారు. ఒకసారి మా ఇంట్లో బాన కడిగాక జుంబేర్ బాబాయ్ నా నడుముకు తాడు కట్టి లోపలికి దింపాడు. 'నీ పేరు చెప్పు' అన్నాడు. మెల్లగా చెప్పాను. లోపలంతా మోగింది. నాకు భయమేసి, తర్వాత సరదాగా అనిపించి, ఇంకోసారి చెప్పాను, ఇంకా గట్టిగా. పైకి తీసి, 'చూశావా, ఎంత గొంతుందో నీకు. నువ్వే దాచుకుంటున్నావు' అన్నాడు. ఇంకేమీ అనలేదు, పక్క బానలోకి పోయాడు. ఆ సంగతి ఆయనకు తర్వాత గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం గుర్తుంది."

అంతే చెప్పాను. గిన్నె ఎత్తి, ఆపకుండా మొత్తం తాగాను. అప్పుడు మిగతా అందరూ లేచి, గిన్నెలు తాకించకుండా, మౌనంగా తాగారు. చనిపోయినవాళ్ల కోసం తాగేటప్పుడు మేం చప్పుడు చేయం. నార్గిజా పిన్ని వచ్చి నాన్న భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. నాన్న ఆమె వీపు మీద చెయ్యి వేసి, "గోధుమలు ఇంకొంచెం పెట్టమ్మా. పొద్దున్నుంచి టీ మీదే ఉన్నాను" అన్నాడు.

ఆ రాత్రి మేం అక్కడే ఉన్నాం. అమ్మకు ఫోన్ చేస్తే, "దిగాడా?" అని ఒక్క మాట అడిగింది. దిగాడన్నాను. ఫోన్ పెట్టేసింది. ముక్కు చీదుకోవడానికే పెట్టేసి ఉంటుంది. సోమవారం ఆఫీసులో ఆ దారి కాగితం మీద పెట్టి ఇచ్చాను. ఒక పగలు చాలదని, షిల్దాలో రాత్రి ఆగాలని రాశాను. ఒప్పుకున్నారు. నాన్న ఇప్పుడు విందులకు వెళ్తున్నాడు. మాట ఆయన చెప్తాడు, గిన్నె ఎవరికి ఇవ్వాలో ముందుగా చెప్పడు, బల్లంతా భయపడి చస్తుంది.

అలావెర్ది అందుకున్నవాళ్లు దాన్ని తమ దగ్గరే ఉంచుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వాలి. ఆ రోజు ఆ బల్ల దగ్గర నేనెవరికీ ఇవ్వలేదు. ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఇప్పుడు మీకు ఇస్తున్నాను. మీ చేతిలో వైన్ ఉండక్కర్లేదు. కాఫీ గ్లాసయినా సరే, మంచినీళ్ల చెంబయినా సరే. మా ఊళ్లో ఒప్పుకోరు కానీ నేను ఒప్పుకుంటాను. తాగే ముందు ఒక్క క్షణం ఆగి, షిల్దాలో బానలు కడిగిన జుంబేర్‌ను తలుచుకోండి.